కాస్త సర్దుకోండి, వాతావరణం కూర్చోవాలి

ముందుగా ఒక విషయం ఒప్పేసుకుందాం. తప్పంతా రైతుదే.

ఊరికే అనడం లేదు. వాతావరణ మార్పుల మీద వచ్చే నివేదికలన్నీ కొన్నేళ్లుగా వదలకుండా చదువుతున్నాను. చదవడమంటే మొదట్లో ఉండే సారాంశం, చివర్లో ఉండే ధన్యవాదాలు, మధ్యలో ఎర్రగా కాలిపోయిన మ్యాపులు. వాటన్నిటి నుంచి నాకు అర్థమైంది ఏంటంటే, భూమి వేడెక్కింది, వేడెక్కించింది ఎవరో ఒకరు, ఆ ఎవరన్నది ఇప్పుడు తవ్వితే కొందరి మనసులు నొచ్చుకుంటాయి కాబట్టి దాన్ని వదిలేసి జరగాల్సింది చూడాలి. జరగాల్సింది రైతు మారడం. అందులోనూ పేద దేశాల్లో రెండు మూడెకరాలున్న రైతు, వాన పడితే తప్ప చేలో తడి కనిపించని రైతు, ఆయన అర్జెంటుగా మారాలి. దీనికి పెద్దల సభల్లో అడాప్టేషన్ అనీ రెజిలియెన్స్ అనీ గంభీరమైన పేర్లున్నాయి. బస్సులో మనం వాడే మాట ఒకటుంది, నాకు అదే నచ్చుతుంది. కాస్త సర్దుకోండి.

బస్సులో ముగ్గురు కూర్చునే సీటు తీసుకోండి. కిటికీ పక్కన ఒకాయన కాళ్లు బార్లా చాపుకుని, పక్కన సంచీ పెట్టుకుని, ఆ సంచీకి కూడా టికెట్ కొన్నంత దర్జాగా కూర్చుంటాడు. అంచున ఇంకొకాయన సగం సీటు మీద, సగం గాల్లో. కొత్తగా ఎక్కినవాడు "కాస్త సర్దుకోండి" అని ఎవరితో అంటాడు? అంచున వేలాడుతున్నాయనతోనే. కిటికీ పక్కాయన్ని అడిగే ధైర్యం కండక్టరుకే లేదు. ప్రపంచ జనాభాలో ఇంచుమించు 18 శాతం మంది ఉన్న ఆఫ్రికా ఖండం మొత్తం కలిసి వదిలే కార్బన్ డయాక్సైడ్ 4 శాతం కూడా లేదు. సహారా ఎడారికి దిగువన ఉన్న దేశాల్లో సాగుభూమిలో దాదాపు 95 శాతం వాన మీదే ఆధారపడింది. సీటు అంచున ఎవరున్నారో ఇంక నేను వేరే చెప్పక్కర్లేదు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు పాతవాళ్లు. పాపం వాళ్లకి ఉపగ్రహాలు లేవు. ఇప్పుడు మనకి అన్నీ తెలుసు. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం దాకా ఎక్కువ తేమ పట్టుకోగలదని తెలుసు. అంటే ఆకాశం సంచీ పెద్దదైంది. నింపుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది, ఆ రోజుల్లో నేలలో ఉన్న తడి కూడా పీల్చేసుకుంటుంది, కుమ్మరించేటప్పుడు ఒకేచోట కుమ్మరిస్తుంది. ఇథియోపియా, కెన్యా, సోమాలియాల్లో ఏడాదికి రెండు వానకాలాలు. 2020 చివరి నుంచి 2022 చివరిదాకా వరసగా ఐదు వానకాలాలు మొహం చాటేశాయి. పశువులు లక్షల్లో చచ్చిపోయాయి. సరిగ్గా ఆ తర్వాత, 2023 చివర్లో, అదే నేల మీద వరదలు. ఎండి గట్టిపడిన నేల నీటిని ఇంకించుకోలేదు, పైపైనే పారించేసింది. ఇక్కడే గణాంక నిపుణుల అవసరం పడుతుంది. ఐదు నెలలు పస్తులుంచి, ఆరో నెలలో ఒకపూట గంగాళంతో గుమ్మరించి, సగటున రోజూ భోజనం పెట్టాం అని లెక్క రాసుకోవచ్చు. సగటు వర్షపాతం సంతృప్తికరం. చనిపోయిన పశువుకి సగటు గురించి అవగాహన లేకపోవడం దాని తప్పు.

ఇంకో రకం పెద్దలున్నారు, వాళ్లంటే నాకు మరీ గౌరవం. కార్బన్ డయాక్సైడ్ మొక్కలకి ఆహారం కదా, అది పెరిగితే పంటలూ పెరుగుతాయి కదా, ఇందులో ఏడవడానికి ఏముంది అంటారు. నిజమే, అబద్ధం కాదు. వరి, గోధుమ లాంటివి ఆ గాలి ఎక్కువైతే కాస్త ఎక్కువే పెరుగుతాయి. కాకపోతే పొలాల్లో పెట్టి చూసిన ప్రయోగాల లెక్కలు 2014లో కూర్చి చూస్తే, అలా పెరిగిన గింజల్లో జింకు, ఇనుము, మాంసకృత్తులు తగ్గాయని తేలింది. గింజ ఉంటుంది, సత్తా ఉండదు. పిండి తప్ప ఇంకేమీ తినడానికి దొరకని ఇంట్లో పిల్లలకి ఇది ఎంత గొప్ప వార్తో ఆలోచించండి. డబ్బున్నవాళ్లు బరువు తగ్గడానికి డాక్టరుకి ఫీజు కట్టి తెచ్చుకునే ఫలితం వీళ్లకి గాలిలోంచే ఉచితంగా అందుతోంది.

డిగ్రీ పెరిగితే ఏమవుతుందండీ, ఏసీలో రిమోట్ నొక్కితే రెండు డిగ్రీలు ఇటూ అటూ అవుతాయి, మేమేమన్నా చచ్చిపోయామా అని అడిగిన మహానుభావుణ్ని కూడా నేను ఎరుగుదును. జవాబు చెప్పలేదు, ఆయన గది చల్లగా ఉంది, కాసేపు కూర్చోవాలనిపించింది. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ప్రపంచ సగటు వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, మనం ఏ మార్పులూ చేసుకోకపోతే, మొక్కజొన్న దిగుబడి 7 శాతం పైన, గోధుమ 6 శాతం, వరి 3 శాతం పైన తగ్గుతాయి. చిన్న అంకెలే. కానీ ఇవి ప్రపంచ సగటు అంకెలు, అంటే చలిదేశాల్లో కొన్నిచోట్ల లాభం వచ్చి, వేడి దేశాల్లో అంతకు మించి నష్టం వచ్చి, రెండూ కలిపి తీసినవి. మళ్లీ సగటే. ఈ సగటు అనేవాడు ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటాడు.

అంకెలు పక్కనపెట్టి ఒక్క పువ్వు చూడండి. వరికి పువ్వు ఉంటుందని చాలామందికి తెలియదు, పల్లెటూళ్లో పుట్టినవాళ్లలో కూడా కొందరికి తెలియదు. కంకి బయటికి వచ్చాక, ఒక్కో గింజకి ఉన్న రెండు పొట్టు రేకులు పొద్దున పూట కాస్త విడతాయి. ఆ సందులోంచి దారప్పోగుల్లాంటి ఆరు కేసరాలు తలలు బయటపెడతాయి. లేత పసుపు రంగు. గాలికి ఊగుతాయి, పుప్పొడి రాలుతుంది, గంటో గంటన్నరో గడిచాక రేకులు మూసుకుంటాయి. ఆ గింజ బతుకులో ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటిందనుకోండి, పుప్పొడి సంచులు సరిగ్గా విచ్చుకోవు, విచ్చుకున్నా రాలిన పుప్పొడి పని చేయదు. రేకులు మాత్రం తమ డ్యూటీ ప్రకారం మూసేసుకుంటాయి. దూరం నుంచి చూస్తే చేను పచ్చగా, ఏ లోటూ లేనట్టు ఉంటుంది. కోత దగ్గరపడ్డాక గానీ తెలియదు. గింజ నిండిన కంకి బరువుకి తల వంచుతుంది. తాలు కంకి నిటారుగా, తల ఎత్తుకుని, వేదిక మీద ముఖ్య అతిథిలా నిలబడి ఉంటుంది.

రాత్రిళ్ల సంగతి ఇంకోటి. పగలు వండుకున్నది రాత్రి కొంత ఖర్చుపెట్టుకుంటుంది మొక్క, మనలాగే. రాత్రి వేడిగా ఉంటే ఆ ఖర్చు పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలంలోనే కొన్నేళ్లు కొలిచి 2004లో చెప్పింది, పంటకాలంలో రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోతోందని. అంటే మొక్కకి కూడా రాత్రి నిద్రపట్టడం లేదు. రైతుకి పట్టనప్పుడు దానికెందుకు పట్టాలి అన్న సమానత్వ సూత్రం కావచ్చు.

అయితే ఎవరూ సర్దుకోవడం లేదని నేను అనడం లేదు. సర్దుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లని గుర్తించి శాలువా కప్పకపోవడం మన సంస్కారం కాదు. ఉదాహరణకి మిడతలు. 2018లో మే నెలలో ఒక తుఫాను, అక్టోబరులో ఇంకో తుఫాను అరేబియా ద్వీపకల్పంలోని ఎడారిలోకి వెళ్లాయి. రుబ్ అల్ ఖాలీ అంటారు, అర్థమే ఖాళీ పావు వంతు. ఇసుక దిబ్బల మధ్య చెరువులు నిలిచాయి, పచ్చిక మొలిచింది, మనిషి జాడ లేని చోట మిడతలు మూడు తరాలు పిల్లలని కన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో 8 వేల రెట్లు పెరిగాయి. అక్కణ్నుంచి ఎర్రసముద్రం రెండు వైపులా విస్తరించి 2020 నాటికి కెన్యాలో 70 ఏళ్లలో ఎన్నడూ చూడనంత దండుగా దిగాయి. ఒక్క చదరపు కిలోమీటరు దండు ఒక రోజులో 35 వేల మంది మనుషులు తినేంత తినగలదు. ఏ వర్క్‌షాప్‌కీ హాజరవలేదు, ఏ గ్రాంటూ అడగలేదు. అదీ రెజిలియెన్స్ అంటే. కత్తెర పురుగు ఇంకా చురుకైనది. అమెరికా ఖండాల్లో పుట్టి, 2016లో ఆఫ్రికాలో అడుగుపెట్టి, 2018కల్లా ఆసియాకి వచ్చేసి మొక్కజొన్న సుడిలో కాపురం పెట్టింది. వీసా సమస్యలు రాలేదు. ఉప్పునీరు కూడా అంతే. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 2016లో, మళ్లీ 2020లో, నదిలో నీళ్లు తగ్గేసరికి సముద్రం కాలవల్లోంచి పొలాల్లోకి నడిచి వచ్చింది. బంగ్లాదేశ్ తీరంలో చౌడెక్కిన వరి పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. నివేదికలో దీన్ని జీవనోపాధి మార్పిడి అని రాస్తారు. వరి పండిన చోట పదిమందికి కూలి దొరికేది, రొయ్యల చెరువు చాలా తక్కువమందితో నడుస్తుంది. మిగిలినవాళ్లు నగరానికి మార్పిడి అయ్యారు.

ఇక సర్దుకున్న రైతు కథ ఒకటి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన కథ. నేను కల్పించి ఉంటే ఎక్కువ చేశావు అని మీరే తిట్టేవారు.

మలావీ అని ఆఫ్రికాలో ఒక దేశం, మొక్కజొన్నే ప్రాణం. కరువొస్తే చేతులు చాచి అడుక్కోవడం దేనికి, ముందే ఇన్సూరెన్స్ చేయించుకుంటే మర్యాదగా ఉంటుంది కదా అని పెద్దలు చెప్పారు. మంచి మాటే. ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థ దగ్గర దేశం మొత్తానికి కరువు పాలసీ తీసుకున్నారు, 2015లో ప్రీమియం సుమారు 47 లక్షల డాలర్లు. అలాంటి దేశానికి చిన్న మొత్తం కాదు. అనుకున్నట్టే, లేదా అనుకోనట్టే, 2015-16 సీజన్‌లో, పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల్ని తారుమారు చేసే ఎల్ నినో వచ్చింది, వానలు ఎగ్గొట్టాయి, పంట పోయింది. 2016 ఏప్రిల్‌లో దేశం విపత్తు ప్రకటించింది. తిండి సాయం కావాల్సినవాళ్లు 67 లక్షల మంది అని తేలింది. దేశ జనాభాలో మూడో వంతు పైమాటే.

పాలసీ ఉంది కదా, డబ్బులు అడిగారు. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక అంశం. కరువు వచ్చిందా లేదా అని చూడటానికి ఎవరూ పొలానికి వెళ్లరు. కంప్యూటర్‌లో ఒక మోడల్ ఉంటుంది, ఉపగ్రహం నుంచి వాన లెక్కలు తీసుకుని అదే తేలుస్తుంది. మోడల్ తేల్చింది. కరువు బారిన పడినవాళ్లు 20 వేల పైచిలుకు. పరిహారం సున్నా.

67 లక్షల మంది ఆకలితో ఉన్నారు, మోడల్‌కి మాత్రం కడుపు నిండింది. ఏమైందని నెలల తరబడి తవ్వితే చివరికి బయటపడింది ఏంటంటే, రైతులు ఎక్కువ రోజులకి కోతకొచ్చే మొక్కజొన్న రకం వేశారని మోడల్ అనుకుంది. నిజానికి చాలామంది రైతులు తక్కువ రోజుల రకానికి మారిపోయారు. వానకాలం కుదించుకుపోతోందని చూసి, పెద్దలు చెప్పినట్టే బుద్ధిగా మారిపోయారు. సర్దుకున్నారు. సర్దుకున్న సంగతి మోడల్‌కి చెప్పలేదు. అసలు రకం పెట్టి మళ్లీ లెక్క కడితే పరిహారం వచ్చింది, 81 లక్షల డాలర్లు. పంపింది 2017 జనవరిలో. విపత్తు ప్రకటించి తొమ్మిది నెలలు. మనిషికి పంచితే ఒక డాలరుంబావు కూడా రాదు. ఆ తొమ్మిది నెలలు జనం ఏం తిన్నారన్నది మోడల్ పరిధిలోకి రాదు కాబట్టి నేనూ అడగను.

ఇందులో సంస్థని తప్పుపట్టడానికి ఏమీ లేదు. చేలో ఏ విత్తనం ఉందో తెలుసుకోవాలంటే చేను గట్టు దాకా వెళ్లి "ఏమేశావయ్యా" అని అడగాలి. అంత ఖరీదైన టెక్నాలజీ ఇంకా అందుబాటులోకి రాలేదు.

సరే, ఇన్సూరెన్స్ చిన్న సంగతి, అసలు డబ్బు సంగతి మాట్లాడదాం. 2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు ఒక మాట ఇచ్చాయి, 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు పేద దేశాలకి సమకూరుస్తామని. 2020 వచ్చింది, వెళ్లింది. ఆ అంకె మొదటిసారి అందుకున్నది 2022లో అని ధనిక దేశాల సంస్థ ఓఈసీడీనే చెప్పింది. పోనీలే, రెండేళ్లు లేటు, మనం పెళ్లికి వెళ్లడానికి అంతకంటే లేటు చేస్తాం. కాకపోతే ఆ డబ్బులో సింహభాగం అప్పులు. ఇల్లు తగలబెట్టినవాడు వచ్చి, బాధపడకు, కట్టుకోవడానికి అప్పిస్తాను అని భుజం తట్టినట్టు. 2019 మార్చిలో ఇదాయ్ తుఫాను మొజాంబిక్‌లో కోతకి సిద్ధంగా ఉన్న పైర్ల మీద పడింది, 7 లక్షల హెక్టార్ల పైన మునిగింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి వెంటనే స్పందించి సుమారు 12 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. వడ్డీ లేకుండానే ఇచ్చింది, ఆ మాట చెప్పకపోతే పాపం. కానీ అసలు తీర్చాలి. తుఫానుకి ఈఎంఐ కడుతున్న దేశాన్ని చూశారా ఎప్పుడైనా?

తర్వాత వాతావరణ విపత్తుల్లో దెబ్బతిన్న పేద దేశాల కోసం నష్టపరిహార నిధి అని ఇంకోటి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పుట్టించినవాళ్లు ఈ నిధిని ముందే చూసి ఉంటారని నా అనుమానం. 2022లో ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సభలో నిధికి పేరు పెట్టారు. 2023లో దుబాయ్‌లో దానికి ప్రాణం పోశారు, మొదటి రోజే చప్పట్లు మోగాయి. ఆ సభలో అందరూ కలిసి ప్రకటించింది ఇంచుమించు 70 కోట్ల డాలర్లు. పోలిక కోసం చెప్తున్నాను, 2022లో పాకిస్తాన్‌ని ముంచిన ఒక్క వరద వల్ల జరిగిన నష్టం 3 వేల కోట్ల డాలర్ల పైన. 3 కోట్ల 30 లక్షల మంది దెబ్బతిన్నారు, 1,700 మందికి పైగా పోయారు, సింధ్‌లో నీళ్లు నెలల తరబడి కదల్లేదు, గోధుమ విత్తే అదును చాలాచోట్ల నీళ్ల కిందే దాటిపోయింది. 70 కోట్లు ప్రపంచం మొత్తానికి. శుష్కప్రియాలు అనకండి, సభ ఏర్పాట్లు చాలా బాగున్నాయి. 80 వేల మందికి పైగా వచ్చారు, అధ్యక్షత వహించింది ఆ దేశపు చమురు కంపెనీ అధిపతి. మరుసటేడు అజర్‌బైజాన్ రాజధాని బాకూలో సభ జరిగితే ఆతిథ్యమిచ్చిన దేశాధ్యక్షుడు చమురు, గ్యాస్ దేవుడిచ్చిన వరమని ప్రారంభంలోనే చెప్పేశారు. దాపరికం లేని మనిషి. అక్కడ పేద దేశాలు ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు అవసరమని అడిగాయి, 2035 నాటికి ఏటా 30 వేల కోట్లు చూద్దాం అన్నారు. అందులోనూ ప్రైవేటు పెట్టుబడులు కలిపే. కూరగాయల బేరంలో కూడా ఇంత తేడా వస్తే అమ్మేవాళ్లు తట్ట ఎత్తుకుని వెళ్లిపోతారు. వీళ్లకి వెళ్లడానికి ఇంకో వీధి లేదు.

ఈ డబ్బులో చిన్న రైతుదాకా వచ్చేది ఎంత అని ఎవరో లెక్కేశారు. 2017-18లో ప్రపంచమంతా తిరిగిన వాతావరణ నిధుల్లో పేద దేశాల చిన్న రైతులకి చేరింది 1.7 శాతం. రెండు హెక్టార్ల లోపు కమతాలు ప్రపంచపు తిండిలో మూడో వంతు పండిస్తున్నాయి మరి. మిగతా 98.3 శాతం ఎటు పోయింది అంటే, ఎక్కువ భాగం కరెంటు, రవాణాల వైపు. అవీ కావాల్సినవే, కాదనను. నా బాధల్లా ఒకటే. చిన్న రైతు పేరు ప్రతి ఉపన్యాసం మొదటి వాక్యంలో వస్తుంది, చెక్కు మీదే రాదు.

చిన్న రైతుకి సలహాలు మాత్రం లోటు లేకుండా అందుతాయి. వరి మడిలో నీళ్లు నిలిస్తే బురదలోంచి బుడగలు వస్తాయి చూశారా, అది మీథేన్. మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో పదో వంతు దాకా వరి మడులదే. ఆరబెట్టి తడుపు, తడిపి ఆరబెట్టు అంటారు, అది నిజంగా పనిచేసే పద్ధతే, నీళ్లూ ఆదా అవుతాయి. కానీ నీళ్లు కాలవలో ఎప్పుడొస్తాయో తన చేతిలో లేని రైతు, వచ్చిన నీళ్లని వదిలేసి, మళ్లీ వస్తాయని నమ్మాలి. నమ్మకం మీద వ్యవసాయం చేయమని చెప్పేవాళ్లు సొంత జీతం మాత్రం ఒకటో తారీఖున అడుగుతారు. ఇంకోపక్క, ఎక్కడో విమానం ఎక్కినాయన పొగకి ప్రాయశ్చిత్తంగా ఒక చెట్టు నాటిస్తే లెక్క సరిపోతుందట. ఆ చెట్టు నాటేది మళ్లీ పేద దేశంలోని నేల మీదే. ఆయన ఎగరడానికి ఈయన పొలం పార్కింగ్.

వాతావరణ హెచ్చరికల మీద కూడా ఒక మాట. ఒకసారి నా ఫోన్‌కే ఒక మెసేజ్ వచ్చింది, రాగల ఐదు రోజుల్లో తేలికపాటి నుంచి అతి భారీ వర్షం, కొన్నిచోట్ల పొడి వాతావరణం. ఇంతకంటే నికార్సైన భవిష్యవాణి నేను వినలేదు. నవ్వుకుంటూనే ఒకటి ఒప్పుకోవాలి, ఈ మొత్తం తంతులో అసలు పనికొచ్చినవాటిలో హెచ్చరికలు ఒకటి. 1970లో వచ్చిన ఒక్క తుఫానుకి ఇప్పటి బంగ్లాదేశ్‌లో 3 లక్షల మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు అలాంటి పెద్ద తుఫాన్లు వచ్చినా ఆ సంఖ్య పదుల్లో ఉంటోంది. మనుషులు షెల్టర్‌కి పరిగెత్తగలరు. పైరు పరిగెత్తలేదు, అంతే తేడా. ప్రాణాలతో మిగిలిన మనిషి తిరిగొచ్చి చూసుకునేది ఉప్పునీళ్లు నిలిచిన పొలాన్ని.

ఇదంతా చూసి ప్రపంచం చలించడం లేదని మాత్రం అనకండి. 2024లో చలించింది. పశ్చిమ ఆఫ్రికాలో, ఐవరీ కోస్ట్, ఘనాల్లో, వానలు ముందు ఎక్కువై, తర్వాత తక్కువై, తెగులు ముదిరి కోకో పంట పడిపోయింది. టన్ను కోకో ధర చరిత్రలో మొదటిసారి 10 వేల డాలర్లు దాటింది. అప్పుడు చూడాలి టెన్షన్. చాక్లెట్ బిళ్ల చిన్నదైపోయిందని, ఈస్టర్ పండగ చాక్లెట్ గుడ్లు ఖరీదైపోయాయని పత్రికలు మొదటి పేజీలు కేటాయించాయి. అంతకు ముందేడు, అంటే 2023లో, ప్రపంచంలో 73 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి చెప్పింది, 11 మందిలో ఒకరు. అది లోపలి పేజీలో వచ్చింది, క్రాస్‌వర్డ్ పక్కన. కోకో పండించే రైతుకి ఆ పెరిగిన ధర అందిందా అంటే, ఆ రెండు దేశాల్లో రైతుకిచ్చే ధర ప్రభుత్వమే సీజన్‌కి ముందు ఖాయం చేస్తుంది, పైగా అమ్మడానికి ఆయన దగ్గర సరుకే లేదు. ధర ఆకాశంలో, చెట్టు కింద నల్లబడిన కాయలు.

అసలు తిండి తక్కువైందా అంటే అదీ కాదు. 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. ఉన్నది ఉన్నచోట కుళ్లుతుంది, లేనిచోటికి వెళ్లదు. ఇంకా తమాషా ఏంటంటే ఎక్కడైనా పంట తగ్గిందని గాలికబురు రాగానే ఎవరి తలుపులు వాళ్లు మూసేసుకుంటారు. 2022 మార్చిలోనే ఎండలు మండి గోధుమ గింజ చిక్కిపోతే మే నెలలో ఇండియా గోధుమల ఎగుమతి ఆపింది, 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఆపింది. తన ఇంట్లో కుండ చూసుకోవడం ఎవరైనా చేసేదే, తప్పనలేం. కానీ ప్రపంచ మార్కెట్‌కి వచ్చే బియ్యంలో 40 శాతం దాకా ఒక్క దేశం నుంచే వెళ్తున్నప్పుడు, ఆ తలుపు చప్పుడు సముద్రాల అవతల బియ్యం కొనుక్కుని బతికే దేశాల వంటింట్లో వినిపిస్తుంది. తలుపు మూసింది ఎవరు, ఎండ కాసింది ఎందుకు అని అక్కడి ఇల్లాలు ఆరా తీయదు. గిన్నెలో కొలత తగ్గిస్తుంది.

ఇంత చెప్పాక పరిష్కారం లేదా అంటే ఉంది, కట్టేశారు కూడా. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఒక మంచు కొండ లోపలికి తొలిచి విత్తనాల ఖజానా కట్టారు. 2008లో తెరిచారు. ప్రళయం వచ్చినా పంటల విత్తనాలు మిగలాలని. మైనస్ 18 డిగ్రీల్లో 13 లక్షలకి పైగా విత్తన నమూనాలు పెట్టెల్లో సర్ది ఉన్నాయి. చుట్టూ ఎప్పటికీ కరగని మంచునేల కాబట్టి కరెంటు పోయినా భయం లేదని చెప్పారు. 2016లో వాతావరణం వేడెక్కి, మంచు కురవాల్సిన కాలంలో వాన కురిసి, ఆ ఎప్పటికీ కరగని నేల కరిగి, నీళ్లు ఖజానా సొరంగం మొదట్లోకి వచ్చేశాయి. విత్తనాల దాకా రాలేదు, మధ్యలోనే గడ్డకట్టాయి. ఆ వార్త చదివి నేను ఒక్కక్షణం భయపడ్డాను గానీ, మన పెద్దలు ఎంత చురుకైనవాళ్లో తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. సొరంగం తిరగకట్టడానికి 10 కోట్ల నార్వే క్రోనర్లు 2018లోనే కేటాయించారు. మోడల్ అడగలేదు, సభ పెట్టలేదు, 2035 దాకా చూద్దాం అనలేదు. నీళ్లొచ్చాయి, గోడ కట్టారు.

ఇప్పుడు అక్కడ విత్తనాలు భద్రం. చల్లగా, పొడిగా, నెంబర్లు వేసిన పెట్టెల్లో. ఏ దేశమైనా తెచ్చి దాచుకోవచ్చట, అద్దె కూడా తీసుకోరట. విత్తేవాణ్ని కూడా ఒక అరలో సర్దుకోనిస్తారేమో కనుక్కుందామని చూశాను. ఫారంలో ఆ గడి లేదు.